నాలుగువందల పన్నెండో కొక్కెం

ముందు సాక్సులు కొనాలి.
అడుగున రబ్బరు చుక్కలున్నవి, జత పన్నెండు జ్లోటీలు.
పోయినసారివి ఇంట్లో ఆరు జతలున్నాయని
కారు సగం దారి వచ్చాక గుర్తొచ్చింది నాకు.
"ఇరవయ్యారేళ్ళు గనిలో జారని కాళ్ళు.
వీటికిప్పుడు చుక్కలెందుకమ్మా?" అంటాడు నాన్న.
కౌంటరులో పిల్ల నవ్వదు. రూలు రూలే.

తర్వాత కాగితం.
గుండె జబ్బుందా? గర్భవతా? వెన్ను నొప్పుందా?
ఆలోయిజీ అని గుండ్రంగా సంతకం చేసి
అన్నిటికీ లేదు, లేదు అని టిక్కు పెట్టాడు.
వెన్ను దగ్గర కాస్త ఆగి
కొంచెం చిన్న టిక్కు.

బితోమ్ శివార్లలో ఈ భవనం
ఒకప్పుడు గని పనివాళ్ళ స్నానాలగది.
అందుకే కప్పు అంత ఎత్తు.
ఇంటి బట్టలు విప్పి కొక్కేనికి తగిలించి
గొలుసు లాగితే అవి పైకి పోయేవి,
మనుషులు కిందికి పోయేవారు.
బార్బరా పండుగనాడు ఒక్కసారి తీసుకొచ్చి చూపించాడు.
తలెత్తితే వందల ప్యాంట్లు, చొక్కాలు, బూట్లు,
తలల్లేని జనం గాలిలో సభ తీర్చినట్టు.
రెండు రాత్రులు నిద్రపోలేదు నేను.

ఇప్పుడదే కప్పు కింద ఊదారంగు దీపాలు,
చెవులు చిల్లులు పడే పాట,
నా కూతురు యాగోదా.
చెంగున లేస్తుంది,
జడలు రెండూ దానికంటే ఒక రెప్పపాటు ఆలస్యంగా లేస్తాయి.
తిమెక్‌కి పడటమే ఇష్టం.
వాడికి ఎగరడమంటే
పడటానికి కొనుక్కునే టిక్కెట్టు.

నేనూ ఎక్కాను. మూడు గెంతులు.
నాలుగోదానికి రెండు కాన్పుల ఒళ్ళు ఒప్పుకోలేదు.
మర్యాదగా దిగి వడివడిగా నడుస్తుంటే
ఎదురొచ్చిన ఇంకో తల్లి, నేనేమీ అడక్కుండానే,
"ఎడమవైపు" అంది.

తిరిగొచ్చేసరికి నాన్న
నడిమధ్య నిలబడి ఉన్నాడు, ఎగరకుండా.
చుట్టూ పిల్లల గెంతులకి
పడవలో మనిషిలా ఊగుతూ పైకి చూస్తున్నాడు.
"నాలుగువందల పన్నెండు. నాది. సరిగ్గా ఇక్కడే."
చూశాను. పైపులు, ఒక స్పీకరు,
ఎవరి పుట్టినరోజుదో చిక్కుకుపోయిన బెలూను.

యాగోదా వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.
"మోకాళ్ళు వంచు తాతా. వంచి మర్చిపో."
వంచాడు. మర్చిపోయాడో లేదో గానీ
లేచాడు. జానెడు.
నేల విడిచి సాము చేయొద్దంటారు,
నేల కిందే సాము చేసినవాడు
ఒక్క జానెడు విడిచాడు.
జేబులోంచి తాళాలు, చిల్లర, ఒక పిప్పరమెంటు
ఆయనకంటే ఎత్తుకి ఎగిరాయి.
పిప్పరమెంటు తిమెక్‌కి దక్కింది.

డ్యూటీ దిగొచ్చిన మొహమే నాకు తెలుసు.
ఎంత కడిగినా బొగ్గు పోక
కళ్ళకి కాటుక దిద్దినట్టుండేది.
గాల్లో ఉన్న ఈ మొహాన్ని
ఎప్పుడూ ఇంటికి తేలేదు.

నారింజ పట్టీలవాళ్ళ గంట అయిపోయింది.
చెప్పుల అర దగ్గర నాన్న వేలు పెట్టి లెక్కపెట్టాడు,
నలుగురం వచ్చాం, నలుగురం ఉన్నాం.
అయినా కదలడు.
పై అరలో ఎర్ర బూట్లు, అరచేయంతవి.
"ఇవెవరివి?"
ఎవరివో నాన్నా, పద, పిల్లలకి ఆకలి.
"పట్టీలన్నీ వచ్చేశాయిగా. మరివి?"
బూట్ల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.
ఇంక ఆయన్ని లాగడం ఎవరి తరం.

యాగోదా కోటు విప్పేసింది మళ్ళీ.
బయట మంచు మొదలైంది.
నేను పార్కింగు డబ్బులు లెక్కేసుకుంటున్నాను.

చివరికి స్పాంజి ముక్కల గుంటలోంచి
పాకుతూ వచ్చాడొక బుడతడు,
ఒక కాలికి సాక్సు లేదని రాగం తీస్తూ.
వెనకే వాళ్ళ నాన్న, ఒళ్ళంతా స్పాంజి పొడి,
ఫోనులో సాక్సు సంగతే ఎవరికో చెప్పుకుంటూ.

నాన్న బూట్లు దించి వాడి ముందు పెట్టాడు,
కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు.
"ఊఁ" అన్నాడు మాతో.
"ఇప్పుడు పదండి."